యూదా చూడని ఆదివారం

శ్రమకాలం మొదలైతే చాలు, మన సంఘాల్లో ఒక పోలిక బయటికొస్తుంది. పన్నెండుమంది శిష్యుల్లో ఇద్దరు ఆ రాత్రి గురువుకు ద్రోహం చేశారు. ఇస్కరియోతు యూదా ముప్పై వెండి నాణేలకు ఆయన్ని పట్టిచ్చాడు. పేతురు ఆయనెవరో తనకు తెలియదని మూడుసార్లు బొంకాడు. ఇద్దరూ బాధపడ్డారు. పేతురుది మారుమనస్సు కాబట్టి క్షమాపణ దొరికింది, సంఘానికి స్తంభమయ్యాడు. యూదాది వట్టి పశ్చాత్తాపం కాబట్టి నరకానికి పోయాడు. ప్రియులారా, మీరు పేతురులా ఉంటారా, యూదాలా ఉంటారా? సరిగ్గా ఇక్కడే కీబోర్డు మీద మెల్లగా రాగం మొదలవుతుంది.

ఈ మాట చెప్పేవాళ్ళ ఉద్దేశాన్ని నేను తక్కువ చేయను. తప్పు చేసి కుంగిపోయినవాడితో నిరాశపడకు, ఇంకా దారి ఉంది అని చెప్పడమే వాళ్ళ ఆరాటం. వాక్యాధారం కూడా చూపిస్తారు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు దుఃఖాన్ని రెండుగా విడదీశాడు: దేవుడి చిత్తానికి తగిన దుఃఖం రక్షణకు తీసుకుపోతుంది, లోకసంబంధమైన దుఃఖం మరణానికి తీసుకుపోతుంది. పేతురుది మొదటిదట, యూదాది రెండోదట. అతికినట్టే ఉంటుంది. కానీ పౌలు అక్కడ యూదా పేరెత్తలేదు, పేతురు పేరూ ఎత్తలేదు. తన ఉత్తరం చదివి నొచ్చుకున్న కొరింథు సంఘం గురించి మాట్లాడుతున్నాడాయన. ఈ ఇద్దరినీ తెచ్చి ఆ వాక్యానికి అతికించింది మన ప్రసంగీకులే.

పోనీ, వాళ్ళ కొలతతోనే కొలుద్దాం.

1. ఏడ్చినవాడు, తిరిగిచ్చినవాడు

మత్తయి సువార్త 26వ అధ్యాయం చివర పేతురు గురించి ఉన్నది ఇంతే. కోడి కూసింది, యేసు ముందే చెప్పిన మాట గుర్తొచ్చింది, బయటికి పోయి వెక్కివెక్కి ఏడ్చాడు. అక్కడితో అధ్యాయం అయిపోయింది. తాను అబద్ధమాడానని ఆ పనిపిల్లలతో చెప్పలేదు, చుట్టూ ఉన్న బంట్రోతులతో చెప్పలేదు. మళ్ళీ ఆ ముంగిట్లోకి వెళ్ళి, అవును, నేను ఆయన మనిషినే అని నిలబడలేదు. యోహానైతే ఆ ఏడుపు సంగతి కూడా రాయలేదు. కోడి కూసిందని చెప్పి, నేరుగా పిలాతు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పేజీ తిప్పండి. 27వ అధ్యాయం మొదట్లోనే యూదా కనిపిస్తాడు. యేసుకు శిక్ష ఖాయమైందని చూసి పశ్చాత్తాపపడ్డాడని రాసింది మత్తయే. ఆ ముప్పై నాణేలూ పట్టుకుని, ఎవరిచ్చారో వాళ్ళ దగ్గరికే వెళ్ళాడు. పాపం చేశానని నోరు విడిచి చెప్పాడు. ఏ పాపమో కూడా విప్పి చెప్పాడు: ఏ నేరమూ చేయని మనిషిని చావుకు అప్పగించానన్నాడు. సాతాను నాచేత చేయించాడనలేదు. మీరే ఆశ పెట్టారని వాళ్ళ మీదికి నెట్టలేదు. వాళ్ళు డబ్బు ముట్టకపోతే దేవాలయంలోనే పారేసి వెళ్ళిపోయాడు.

మనసులో దుఃఖం, నోటితో ఒప్పుకోలు, తీసుకున్నది తిరిగివ్వడం. పశ్చాత్తాపానికి గుర్తులేమిటని ఏ బైబిలు కళాశాలలో అడిగినా ఈ మూడూ చెబుతారు. ఆ పొద్దున ఈ మూడూ యూదాలో ఉన్నాయి. పేతురులో అప్పటికి మొదటిది మాత్రమే ఉంది. మరి ఎవరిది వట్టి ఏడుపు, ఎవరిది ఫలించిన పశ్చాత్తాపం?

ఇంకో సంగతి. ఆ శుక్రవారం యేసు నిర్దోషి అని అధికారుల మధ్య అన్నవాళ్ళెవరు? పిలాతు అన్నాడు. అతని భార్య కబురు పంపింది. ఇద్దరూ రోమా మనుషులు. పన్నెండుమందిలో ఎవరన్నారు? ఒక్క యూదా. మిగతావాళ్ళు ఏ వీధిలో ఏ తలుపు వెనక ఉన్నారో సువార్తలు చెప్పవు. ఈ విషయం మొదట గమనించింది నేనేమీ కాదు. మూడో శతాబ్దంలో ఒరిగెను, కెల్సుసు అనే విమర్శకుడికి జవాబు రాస్తూ, గురువు బోధ యూదా గుండెల్లోంచి పూర్తిగా పోలేదనడానికి అతను డబ్బు తిరిగిచ్చి పాపం ఒప్పుకోవడమే సాక్ష్యమని వాదించాడు. అంత పాత మాట మన వేదికల మీదికి ఇంతవరకూ ఎక్కలేదు.

2. "యేసు దగ్గరికి వెళ్ళలేదు కదా"

ఇది రెండో వాదన. పేతురు క్రీస్తు వైపు తిరిగాడు, యూదా మనుషుల వైపు తిరిగాడు, అందుకే నశించాడు అంటారు. అసలు ఆ ఉదయం యేసు ఎక్కడున్నాడు? చేతులు కట్టేసి, కాపలా మధ్య పిలాతు దగ్గరికి నడిపిస్తున్నారు. యూదా ఏ వాకిట్లో నిలబడి ఆయన్ని క్షమాపణ అడగాలి? పేతురు మటుకు వెళ్ళాడా? కైపా ఇంటి ముంగిట్లోంచి బయటికి పోయినవాడు సిలువ దగ్గర ఉన్నాడని ఏ సువార్తా చెప్పదు. అక్కడ నిలబడింది స్త్రీలు, యోహాను చెప్పిన ప్రకారం ప్రియశిష్యుడు. పేతురు యేసును వెతుక్కుంటూ వెళ్ళలేదు. యేసే పేతురును వెతుక్కుంటూ వచ్చాడు.

అది వరస తప్పకుండా రాసి ఉంది. శోధన రాకముందే పేతురు నమ్మకం తప్పిపోకూడదని యేసు ప్రార్థించినట్టు లూకా రాశాడు. సమాధి దగ్గర దేవదూత స్త్రీలతో, శిష్యులకు చెప్పండని ఊరుకోకుండా పేతురు పేరు విడిగా చెప్పి పంపినట్టు మార్కు రాశాడు. ఆ రోజే ప్రభువు సీమోనుకు కనిపించాడని మిగతావాళ్ళు చెప్పుకున్నట్టు మళ్ళీ లూకాలో ఉంది. ఆ తర్వాతెప్పుడో తిబెరియ ఒడ్డున, రాత్రంతా వలలేసి ఏమీ పడని పేతురు పొద్దున్నే గట్టుకు వచ్చేసరికి, బొగ్గుల నిప్పు మీద చేపలు కాలుతున్నాయి. బొంకిన రాత్రి అతను చలి కాచుకుందీ బొగ్గుల నిప్పు దగ్గరే. యోహాను ఒక్కడే ఈ రెండు చోట్లా ఆ నిప్పు సంగతి గుర్తుపెట్టుకుని రాశాడు. మూడుసార్లు బొంకినవాడిని అక్కడ మూడుసార్లు అడిగాడు యేసు. పిలిచి, అన్నం పెట్టి, మందను అప్పగించాడు.

ఆ ప్రార్థన తప్ప ఇవన్నీ ఆదివారం నుంచి జరిగినవి. మత్తయి లెక్కలో యూదా చనిపోయింది శుక్రవారం, సిలువ ఇంకా లేవకముందు. తాను పట్టిచ్చినవాడు తిరిగి లేస్తాడన్న ఊహ కూడా ఆ పొద్దున అతని మనసులో ఉండి ఉండదు. ఉందని ఎవరైనా అంటే, మిగతా పదకొండుమందికీ లేని విశ్వాసం యూదాకు ఒక్కడికే ఉందని ఒప్పుకోవాలి. ఆదివారం స్త్రీలు వచ్చి చెబితే వాళ్ళు పిచ్చిమాటలని కొట్టిపారేశారు. పేతురుకు మూడు రోజుల గడువు దొరికింది, తోటివాళ్ళ మధ్య దొరికింది. యూదాకు రెండూ లేవు. ఈ తేడాని పట్టుకుని, పేతురు గుండె మేలిమిది, యూదా గుండె నకిలీది అని ఎలా తేల్చారు?

3. యాజకుల సంగతి ఎందుకు ఎత్తరు?

నాకు బాగా ఒళ్ళు మండే చోటు ఇదే. నేను విన్న ప్రసంగాల్లో యూదా పాత్ర ఉంటుంది, పేతురు పాత్ర ఉంటుంది. యూదా ఎవరి ముందు తప్పు ఒప్పుకున్నాడో ఆ మనుషులు మాత్రం ఉండరు.

లేవీయకాండం ఆరో అధ్యాయం తీయండి. పొరుగువాణ్ణి మోసం చేసినవాడు ఏం చేయాలో అక్కడుంది. తీసుకున్నది తీసుకున్నట్టు తిరిగివ్వాలి, పైన అయిదో వంతు కలపాలి, పొట్టేలు తీసుకుని యాజకుడి దగ్గరికి రావాలి. యాజకుడు అతని కోసం ప్రాయశ్చిత్తం చేయాలి, అప్పుడతనికి క్షమాపణ. ధర్మశాస్త్రం కింద పుట్టిపెరిగిన యూదుడికి పాపం చేశాక వెళ్ళాల్సిన చిరునామా యాజకుడిదే. యూదా సరిగ్గా అక్కడికే వెళ్ళాడు. అతన్ని తప్పు గుమ్మానికి పోయాడనడం మోషే ధర్మశాస్త్రాన్ని తప్పనడమే.

ఆ గుమ్మంలో ఏమైంది? తమకేం సంబంధం లేదనీ, అతని గొడవ అతనే చూసుకోవాలనీ అన్నారు. పాపులు ఒప్పుకుంటే వినడానికే నియమించిన మనుషులు అన్న మాట అది. కొన్ని గంటల ముందు వరకూ యూదాతో వాళ్ళకు సంబంధం ఉంది, బేరం ఆడారు, రొక్కం లెక్కపెట్టి ఇచ్చారు. పని అయ్యాక సంబంధం తెగిపోయింది.

తర్వాతి వాక్యాలు ఇంకా ఘోరం. అతను పారేసిన నాణేలు ఏరుకున్నారు. ఇది రక్తం ఖరీదు కాబట్టి కానుకపెట్టెలో వేయకూడదు, ధర్మశాస్త్రానికి విరుద్ధం అని కూర్చుని ఆలోచించారు. ఎంత నిష్ఠ! ఆ డబ్బు ముట్టుకుంటే మైల. ఆ డబ్బిచ్చి చేయించిన పనికి మైల లేదు. ఇప్పుడే డబ్బు పారేసి బయటికి పోయిన మనిషి ఏమయ్యాడో ఎవరూ అడగలేదు. చివరికి పరదేశుల్ని పాతిపెట్టడానికి కుమ్మరివాడి పొలం కొన్నారు. సమాధుల తోట కొనడానికి సమయం దొరికింది, బతికున్న మనిషి వెనక ఒకణ్ణి పంపడానికి దొరకలేదు.

మత్తయి ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు రాశాడంటారు? యూదాను మాత్రమే తప్పుపట్టడానికైతే అన్ని వాక్యాలు అక్కర్లేదు. అతని చేతిలో ఇది మతాధికారుల మీద మోపిన నేరపత్రం. మన ప్రసంగీకులు మాత్రం నేరం మోపబడ్డవాళ్ళను వదిలేసి, చచ్చినవాణ్ణి బోనెక్కించారు. అది తెలియక జరిగిందని నేననుకోను. వేదిక మీద నిలబడినవాడికి ఆ యాజకులు దగ్గరి చుట్టాలు, ఆ అద్దంలోకి చూడటం ఇష్టం ఉండదు.

4. "కావాలని చేశాడు, పైగా పుట్టకపోతే మేలన్నాడు యేసే"

ఇక్కడికొచ్చేసరికి అవతలివాళ్ళు వాదన మారుస్తారు. పేతురుది భయంలో నోరు జారడం, యూదాది పథకం వేసి, ధర మాట్లాడుకుని చేసిన ద్రోహం, రెండూ ఒకటెలా అవుతాయి? ఒకటి కావు, నిజమే. ముద్దు పెట్టి పట్టిచ్చినవాడి నేరం పెద్దదే. కానీ వాదన మారిందని గమనించండి. ఇంతసేపూ పాపం పెద్దదా చిన్నదా అన్నది ముఖ్యం కాదు, పశ్చాత్తాపమే ముఖ్యం అన్నారు. పశ్చాత్తాపం లెక్క కుదరకపోయేసరికి పాపం పరిమాణం తెచ్చారు. పాపం పెద్దదైతే క్షమాపణ అందదని నమ్మేవాళ్ళు దావీదు పేరు ఇక ఎత్తకూడదు. ఊరియాను చంపించింది ఆవేశంలో కాదు. ఉత్తరం రాసి, ఆ ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు.

ఆ మనిషి పుట్టకుండా ఉంటే అతనికి మేలన్న మాట గట్టిదే, దాన్ని పలచన చేయను. అయితే అది ఎప్పుడు అన్నాడు? బల్ల దగ్గర, ద్రోహం ఇంకా జరగకముందు, యూదా ఎదురుగా కూర్చుని వింటుండగా. వినేవాణ్ణి ఆపడానికి చేసిన హెచ్చరిక అది. నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుందని యోనా షరతులేమీ లేకుండా ప్రకటించాడు. నీనెవె నాశనం కాలేదు. ప్రవక్తల హెచ్చరికను తీర్పు నకలుగా చదవడం మన అలవాటు, బైబిలు అలవాటు కాదు.

యోహాను సువార్తను దాటడం ఇంకా కష్టం. అందులో యూదా దొంగ, నాశనపుత్రుడు. యోహాను అతన్ని మరో కన్నుతో చూశాడు, ఆ మాట దాచడం అనవసరం. కానీ యోహాను యూదా పశ్చాత్తాపాన్నీ రాయలేదు, చావునూ రాయలేదు. ప్రసంగీకుడు మత్తయి దగ్గర పశ్చాత్తాపం తీసుకుని, యోహాను దగ్గర తీర్పు తీసుకుని, రెండూ కలిపి అతను బాధపడ్డాడు గానీ ఆ బాధ చెల్లలేదు అనే మూడో కథ కుట్టాడు. ఆ కథ ఏ సువార్తలోనూ లేదు. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో నూటఇరవైమంది ముందు యూదా చావు గురించి మాట్లాడింది సాక్షాత్తూ పేతురే. అతను మనలో ఒకడు, ఈ పరిచర్యలో పాలు పొందినవాడు అన్నాడు. నేను మారాను, వాడు మారలేదు అన్న పోలిక పేతురు నోట రాలేదు.

5. ఈ బోధ ఎక్కడికి తీసుకుపోయింది

యూదా ఉరి వేసుకోవడంతో పాపం మీద పాపం చేశాడని, దేవుడి కనికరాన్ని నమ్మలేకపోయాడని గట్టిగా రాసింది అగస్టీను, దేవుని నగరం అనే గ్రంథం మొదటి సంపుటిలో. ఆ చోటు చదివితే సందర్భం వేరు. క్రీ.శ. 410లో గోతులు రోము నగరాన్ని కొల్లగొట్టినప్పుడు చెరచబడ్డ స్త్రీలు పరువు కోసం ప్రాణం తీసుకోవాల్సిందేనా అన్నది అక్కడి ప్రశ్న. అక్కర్లేదు, వాళ్ళ మీద మచ్చే లేదు అని చెప్పడానికి అగస్టీను యూదాను ఉదాహరణగా తెచ్చాడు. బతికున్న ఆడవాళ్ళను కాపాడటానికి చేసిన వాదన అది. తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని శవాల మీదికి తిప్పారు. ఆరో శతాబ్దంలో పోర్చుగల్‌లోని బ్రాగా సభ ఆత్మహత్య చేసుకున్నవాళ్ళకు అంత్యక్రియల ప్రార్థనలు నిషేధించింది. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథం భూస్థాపన క్రమాన్ని వాళ్ళకు వాడకూడదని రాసింది. ఇంగ్లండులో 1823 వరకూ అలాంటివాళ్ళను నాలుగు రోడ్ల కూడలిలో పాతిపెట్టే ఆచారానికి చట్టం అడ్డు చెప్పలేదు. 1917 నాటి కథోలిక ధర్మసూత్రాల్లోనూ ఆ నిషేధం ఉంది. 1983లో తీసేశారు. 1992లో వచ్చిన కథోలిక సత్యోపదేశం, తమ ప్రాణం తాము తీసుకున్నవాళ్ళ రక్షణ గురించి నిరాశపడకూడదని, దేవుడికి మాత్రమే తెలిసిన దారుల్లో ఆయన వాళ్ళకు మారుమనస్సు అవకాశం ఇవ్వగలడని చెబుతుంది.

రోములో మారింది గానీ మా పల్లెల్లో వేదిక మారలేదు. పరీక్ష తప్పి ప్రాణం తీసుకున్న కుర్రాడి ఆదరణ కూడికలో ఒక పాస్టరు గారు యూదా కథ ఎత్తుకున్నారు. యువతకు హెచ్చరికట. తల్లి చాప మీద, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె పక్కనున్న పిన్నమ్మ మాటిమాటికీ ఆమె చెవుల మీద కొంగు కప్పుతోంది. పురుగుమందు తాగిన రైతు ఇంట్లోనూ, అప్పు ఏజెంట్ల వేధింపు తట్టుకోలేని ఇల్లాలి ఇంట్లోనూ ఇదే ప్రసంగం వినిపిస్తోంది. యూదా నరకంలో ఉన్నాడని చెప్పినప్పుడు ఆ తల్లి వినేది యూదా పేరు కాదు.

ప్రాణం తీసుకోవడం మంచిదని ఎవరంటారు? యూదా బతకాల్సింది. ఎవరైనా అతని చెయ్యి పట్టుకుని ఆదివారం దాకా ఆపి ఉండాల్సింది. కానీ అతను చనిపోయాడు కాబట్టి మారలేదు అనడం తర్కమే కాదు. అది చావు తీరు చూసి మనసు చదవడం.

ఇక రెండో దుష్ఫలితం, దీన్ని మనవాళ్ళు అస్సలు పట్టించుకోరు. ఏడుపే మారుమనస్సు అన్న కొలత ఎవరికి అనుకూలం? సంఘం స్థలం గుట్టుచప్పుడు కాకుండా రాయించుకున్నవాడికి, కానుకల లెక్క చూపనివాడికి, పాటల బృందంలోని పిల్లతో తప్పుగా ప్రవర్తించినవాడికి. పట్టుబడ్డాక వేదిక ఎక్కి మోకరిస్తాడు, కన్నీళ్ళు కారుస్తాడు, ప్రభువు నన్ను పేతురులా లేవనెత్తాడంటాడు. జనం చప్పట్లు కొడతారు. స్థలం దస్తావేజు మాత్రం తిరిగిరాదు. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నప్పుడే యేసు ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. ఆ కథ పిల్లల సండే స్కూల్ పాటగా మిగిలిపోయింది. పైసాతో సహా తిరిగిచ్చిన యూదా మన ప్రసంగాల్లో దుర్మార్గుడు, పైసా ఇవ్వనివాడు పేతురు.

6. క్షమాపణ కూలి కాదు

ఈ పోలికలో అసలు తప్పు ఇక్కడుంది. పేతురు సరిగ్గా ఏడ్చాడు కాబట్టి క్షమాపణ వచ్చిందంటే, క్షమాపణ మన పశ్చాత్తాపం నాణ్యతకు దేవుడిచ్చే కూలి అవుతుంది. మనం ఇంకా పాపులమై ఉండగానే క్రీస్తు మన కోసం చనిపోయాడని పౌలు రోమీయులకు రాశాడు. ఆ పత్రికను ఆదివారం కంఠతా చెప్పి, శుక్రవారం దానికి విరుద్ధంగా బోధించడం ఏం న్యాయం? ఆ రాత్రి యేసు యూదా కాళ్ళు కడిగాడని యోహానే సూచిస్తాడు. పట్టించేవాడి చెయ్యి తనతోపాటే బల్ల మీద ఉందని యేసు అన్నాడని, అదీ రొట్టె, గిన్నె ఇచ్చాకే అన్నాడని లూకా రాశాడు. తోటలో ముద్దు పెట్టినప్పుడు కూడా ఆయన అతన్ని చెలికాడని పిలిచాడు. పశ్చాత్తాపం కోసం కాచుకుని, చూశాక ఇచ్చినవి కావు ఇవి.

పేతురైనా ఆ తర్వాత తప్పటడుగు వేయలేదా? అంతియొకయలో యూదులు వచ్చేసరికి అన్యజనులతో కలిసి తినడం మానేసి వెనక్కి తగ్గాడు. పౌలు అతన్ని అందరి ముందూ నిలదీశానని గలతీయులకు రాశాడు. మళ్ళీ భయమే, మళ్ళీ తనవాళ్ళను ఎరగనట్టు నటించడమే. అతని మారుమనస్సు అంత మేలిమిదైతే ఇది ఎక్కడిది? పేతురును నిలబెట్టింది అతని కన్నీళ్ళ చిక్కదనం కాదు, అతన్ని వదిలిపెట్టనివాడి పట్టుదల.

యూదా ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు, ప్రసంగీకుడికీ తెలియదు. వేలమందిని పునీతులుగా ప్రకటించిన కథోలిక సంఘం కూడా ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని, యూదాతో సహా, ఎవరి గురించీ అధికారికంగా ప్రకటించలేదు. ఫ్రాన్సులో వెజెలే గుడి స్తంభం మీద పన్నెండో శతాబ్దపు శిల్పి ఒకవైపు ఉరికి వేలాడే యూదాను, మరోవైపు అతని శవాన్ని భుజాన మోసుకుపోయే మనిషిని చెక్కాడు. ఆ మనిషి మంచి కాపరే అని చాలామంది అంటారు, కాదనేవాళ్ళూ ఉన్నారు. పేరు కూడా తెలియని రాతిపనివాడు తెరిచి ఉంచిన ప్రశ్నను డిగ్రీలు తగిలించుకున్న మన బోధకులు మూసేశారు.

వచ్చే గుడ్ ఫ్రైడేకి ఈ పోలిక చెప్పాలనుకునేవాళ్ళు ముందు యాజకుల మీద ప్రసంగం చేయాలి. తప్పు ఒప్పుకుని డబ్బు చేత్తో పట్టుకొచ్చిన మనిషి మీ కమిటీ గదిలోకి వస్తే ఎవరు లేచి కుర్చీ వేస్తారో, అతను బయటికి పోతే వెనక ఎవరు వెళ్తారో సంఘానికి చెప్పాలి. అది చెప్పలేనంతకాలం యూదా పేరు ఆ వేదిక మీద ఎత్తకూడదు.